ముందు వదలాల్సిన బండి

పనసవలస,
11 జూన్ 2006

మేనకోడలా రత్నా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. బదులు రాలేదని అలిగి ఉంటావు. అలుగు. నేనూ కోపంగానే ఉన్నాను, చెల్లుకు చెల్లు.

మన ఊళ్లో ఆసుపత్రి నడిపే సేవా సంస్థవాళ్లు దాని డాబా మీద పెట్టిన నెట్ డిష్షు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. హైదరాబాదులో కూర్చుని ఆ లైను నడిపేది మీ ఆఫీసువాళ్లే కదా. డిష్షు ఒకటి, గదులు రెండు. ఒకటి ఆసుపత్రి కంప్యూటరు గది, దాన్ని చూసుకునేవాడు గుమాస్తా వరహాలరావు. రెండోది ఊరివాళ్ల నెట్ గది. రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మేన్‌గా రిటైరై ఖాళీగా ఉన్నాడు, మాట మీద నిలబడతాడు అని ఆ గది తాళం నా చేతికిచ్చారు. మిషను ఎలా వెయ్యాలో, ఎలా ఆర్పాలో నేర్పారు. అంతకుమించి నాకక్కర్లేదు.

మొన్న శుక్రవారం మీ అత్త అచ్చియమ్మకు గుండె కాగితం తీశారు, ఈసీజీ అంటారట. దాన్ని డిష్షు మీద విశాఖపట్నంలో సంస్థ పెద్ద డాక్టరుకు పంపితే, ఆయన చూసి మందు మార్చాలో వద్దో చెప్పాలి. పదిన్నరకు తీసింది రెండు దాటినా వెళ్లలేదు. సగం వెళ్లి ఆగుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. మీ అత్త పడుకుంటే ఆయాసం, కూర్చుంటే నడుం నొప్పి. ఆసుపత్రి బల్ల మీద అటూ ఇటూ కాకుండా ఒరిగి ఉంది. శుక్రవారం అరకు సంత కదా, సంతకు దిగిన కుర్రాళ్లంతా తిరుగుదారిలో నా గదిలో పడి సినిమా పాటలు దించుకుంటున్నారు. గోడకు ఇటు పాటలు, అటు మీ అత్త.

నేను టైడా స్టేషన్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు పని చేశాను. రోజుకు ఒక్కటే పాసింజరు. దాన్ని పక్కనున్న లూప్ లైన్‌లోకి తిప్పి నిలబెట్టి, ఇనుపరాయి గూడ్సులను ముందు వదిలేవాళ్లం. ఒకసారి జ్వరంతో కాలిపోతున్న పిల్లను ఒళ్లో వేసుకుని ఒకామె కిటికీలోంచి అడిగింది, “ఏటి బాబూ, రాళ్లకేటి తొందర?” అని. బండ్లు నడిపే కంట్రోల్ ఆఫీసు చెప్పింది, నేను పాయింటు తిప్పాను.

ఇప్పుడు కంట్రోల్‌లో నువ్వున్నావు. ఆసుపత్రిది ముందు వదులు. అది పూర్తిగా వెళ్లాకే మిగతావాళ్లది. పూర్తిగా అన్న మాట కింద రెండు గీతలు గీశాను, చూసుకో.

అక్కడ చోడి అంబలి దొరుకుతుందా అని మీ అత్త అడుగుతోంది.

మీ మావ,
భీముడు


హైదరాబాద్,
20 జూన్ 2006

మావయ్యా,

చోడిపిండి దొరుకుతుంది, ఇక్కడ రాగిపిండి అంటారు. దానితో అత్త చేతి అంబలి రాదు. చెప్పు.

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కంట్రోల్‌లో మనవాళ్లున్నారు కదా అని కబురు పెట్టి బండి ఆపించుకునే దొరలాగా రాశావు. మా గదిలో ఒక్కో డిష్షుకు తెర మీద ఒక్కో గీత ఉంటుంది. ఉద్యోగంలో చేరిన రోజే మా పెద్దసారు చెప్పారు, లైనులో ఎవరిదేం వెళ్తోందో మనం తొంగి చూడకూడదు, ఎవరిదైనా ఒకటే అని.

ఆ కుర్రాళ్లంతా పాటలే దించుతున్నారని నీకెలా తెలుసు? పాలిటెక్నిక్ అయ్యాక నాకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది గుర్తుందా? ఆ కాగితం కొండెక్కి మన ఊరు చేరేసరికి ఇంటర్వ్యూ అయిపోయి నాలుగు రోజులు. ఏడాదంతా పసుపు చేలో కూలికి పోయాను. ఆ కాగితాన్ని ఎవరైనా ముఖ్యమైనదని ముందు వదిలేవారా? ఆడపిల్ల దరఖాస్తు, దానికేం తొందర అనేవారు. నువ్వే అనేవాడివి.

అయినా అత్త కోసం చేశాను. పెద్ద డాక్టరుగారు సరేనని రాసిచ్చారు, మా సారు ఇష్టం లేకుండానే ఊ అన్నారు. ఇలాంటప్పుడు కూడా మేం వెనకవాళ్లకు సన్నని సందు వదులుతాం. నువ్వు రెండు గీతలు గీశావు కాబట్టి అదీ మూసేశాను. ఇకనుంచి ఆసుపత్రి గదిలోంచి ఏదైనా కదులుతున్నంతసేపు నీ గదిలోంచి ఒక్క అక్షరం కదలదు. తర్వాత నన్నేం అనొద్దు.

అత్త మందులు మానకుండా చూడు.

రత్న


పనసవలస,
9 జూలై 2006

కోడలా,

దొర అన్నావు. ఎర్రజెండా, పచ్చజెండా మోసి మోసి భుజం వంగినవాణ్ణి పట్టుకుని దొర అన్నావు. మీ అత్తకు చదివి వినిపించాను. “గుంట నిజమే అన్నాది” అని నవ్వింది. మీ ఇద్దరూ ఒకటే.

సరే, మంచి మాట విను. మొన్న శుక్రవారం ఆమె గుండె కాగితం నాలుగు నిమిషాల్లో వెళ్లింది. అరగంటలో జవాబు వచ్చింది. మందు మార్చారు. ఏడాదిగా తలగడలు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే నిద్రపోయిన మనిషి, ఇప్పుడు చాప మీద వెల్లకిలా పడుకుంటోంది. అది చూస్తే నాకెంత సంతోషమో నీకు రాసి చెప్పలేను. నీ చేతికి దండం పెట్టాలి.

నా గదిలో కుర్రాళ్లకు మాత్రం మొహాలు మాడిపోయాయి. గోడకున్న డిష్షు డబ్బా మీద ఆసుపత్రి దీపం మిణుకుమిణుకుమంటుంటే మన మిషను కదలదు. “లూప్‌లో ఉంది, లైన్ క్లియర్ రానీయండి” అంటాను. ఒకడు “ఇది స్టేషనా తాతా?” అన్నాడు. అవునన్నాను.

నీకేదో అనుమానం ఉంటుంది, ఆసుపత్రి పేరు చెప్పి ఎవడైనా దూరతాడేమోనని. నాకూ వచ్చింది. ఇటికల పండక్కి మన ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా దుంగ వేసి జీపులన్నీ ఆపుతారు కదా. పండగ మామూలు ఇచ్చేదాకా కలెక్టరునైనా కదలనివ్వరు. రోగి ఉన్న బండికి మాత్రం మాట్లాడకుండా దుంగ ఎత్తుతారు. ఒక ఏడు అరకు బట్టల షావుకారు జీపులో దుప్పటి కప్పుకుని మూలిగాడు. పాపం అని ఎత్తారు. పది గజాలు పోయాక లేచి బీడీ ముట్టించాడు. అందుకే వరహాలరావును పిలిచి తల్లి మీద ఒట్టు వేయించాను, జబ్బు కాగితాలు తప్ప ఇంకేం పంపనని. వేశాడు. తల్లి మీద ఒట్టేసినవాడు తప్పడు.

బేగి ఒకసారి వచ్చి చూసి పో.

మీ దొర,
భీముడు


హైదరాబాద్,
22 జూలై 2006

మావయ్యా,

అత్త వెల్లకిలా పడుకుంటోందన్న వాక్యం నాలుగుసార్లు చదివాను. దొర అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ ఒక సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. మీ ఆసుపత్రి గీత రోజంతా నిండుగా ఉంటోంది. పొద్దున్న తొమ్మిదికి లేస్తే సాయంత్రం దాకా కిందికి దిగదు. నీ గది గీత నేల మీదే పడి ఉంటోంది. ఏం జరుగుతోంది అక్కడ? అంతమందికి జబ్బులా? వానలు పడ్డాయి, మన్యం జ్వరాలు మొదలయ్యాయా? నువ్వేమీ రాయవు. ఉండబట్టలేక నిన్న పెద్ద డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను, పనసవలసలో ఏదో జరుగుతోంది, మనుషులను పంపండని.

మా పెద్దసారు మాత్రం ఆ గీత చూసి మురిసిపోతున్నారు. ఆసుపత్రి లైను ఇంత వాడుతున్నారంటే ఈ పద్ధతి మంచిదే, ఇంకో ఇరవై ఊళ్లలో పెడదాం, ఆ పని నువ్వే చూడు అన్నారు. మొదట వద్దన్న మనిషే. నా పేరు పై ఆఫీసుకు రాశారట. సంతోషించాలో వద్దో తెలియడం లేదు.

ఒకటి అడుగుతాను. నీ గదికి సన్నని సందు తెరవనా? నువ్వు ఊ అంటే చాలు.

రత్న


పనసవలస,
6 ఆగస్టు 2006

రత్నా,

ఎంత పని చేశావే. మాట అడగకుండా డాక్టరుకు ఫోన్ చేస్తావా? బుధవారం మందుల జీపు, దోమల మందు కొట్టేవాళ్లు, రక్తం తీసేవాళ్లు, అందరూ దిగారు. ఊళ్లో ఒక్కడికి జ్వరం లేదు. పొలాల్లో నాట్లు వేస్తున్నవాళ్లను పిలిచి వేళ్లు పొడిచారు. పిల్లలు జీపు వెనక పరుగులు. వాళ్లతో వచ్చిన పెద్ద డాక్టరు ఆసుపత్రి నర్సమ్మను పట్టుకుని నలుగురిలో కేకలేశాడు, పాపం ఆమెకేం తెలుసు. పోతూ పోతూ ఒక రూలు పెట్టాడు. ఇకపై పేర్లు, వయసులు, ఎన్నాళ్లుగా జ్వరమో రాసిన జాబితా కంప్యూటరులో తనకు అందితేనే జీపు కదులుతుందట. నోటి మాటకు కదలదట.

మరి లైను ఎందుకు నిండుతోందని వరహాలరావును అడిగాను. పదేళ్ల పాత కేసు కాగితాలు విశాఖపట్నం పంపుతున్నానన్నాడు. ఒట్టేసినవాడు కదా, నమ్మాను. నువ్వూ నమ్ము.

ఆ జాబితాలు పంపాల్సింది సోని. నీకు తెలియదు, మెట్టగూడ పిల్ల, పైన ఆరు కిలోమీటర్లు. సంస్థవాళ్లు ఆరోగ్య కార్యకర్తగా పెట్టుకున్నారు. పిల్లల బరువులు రాసుకుని వారం వారం దిగొస్తుంది. ఆసుపత్రి గదిలోకి వరహాలరావు రానివ్వడు, కాళ్ల బురద అంటాడు. అందుకని నా గదిలోనే కొట్టుకుంటుంది. రెండేసి గంటలు బెంచీ మీద కూర్చుంటుంది, ఒక్క మాట విసుక్కోదు.

టెలిఫోన్ తీగ మీద చెట్టు పడి పన్నెండు రోజులైంది. ఎవరూ రాలేదు. ఇప్పుడు మాకు డిష్షొక్కటే దిక్కు.

సందు సంగతి అడిగావు. వద్దు. వచ్చే నెల మొదట్లో మీ అత్తకు మళ్లీ కాగితం తీస్తారు. సూది దూరే సందిస్తే దూలం దూరుస్తారు మనవాళ్లు. పరీక్ష కానీ, ఆ తర్వాత చూద్దాం.

నీ మీద కోపం లేదు. ఉంటే రాయను.

మావ


పనసవలస,
24 ఆగస్టు 2006

రత్నా,

ఏది ముందు రాయాలో తెలియడం లేదు. జరిగినది జరిగినట్టు రాస్తాను.

ఆదివారం పదకొండు గంటలకు సోని వచ్చింది. నిలువునా తడిసింది. మెట్టగూడలో పదకొండుమందికి చలిజ్వరం. ముందు నర్సమ్మ దగ్గరికి వెళ్లిందట. ఉన్న మాత్రలు ఇచ్చి, గట్టి మందు అయిపోయింది, జీపు రావాలి, జీపు రావాలంటే జాబితా పంపాలి అందట. సోని నా గదిలో కూర్చుని అరగంట కొట్టింది. పంపింది. వెళ్లలేదు. డబ్బా మీద ఆసుపత్రి దీపం ఆడుతోంది.

“ఏటి తాతా, ఇంకా ఎల్లలేదా?” అంది.

“ఎవలిదో గుండె ఎల్తంది గుంటా. కాసేపు కూకో,” అన్నాను.

ఆ పిల్ల గోడ వైపు తిరిగి దండం పెట్టింది. ఎవరో కూడా తెలియదు, దండం పెట్టింది. బెంచీ మీద కూర్చుంది. ఒంటిగంటైంది. మూడైంది. “అంతసేపు ఎల్తాదా తాతా గుండె?” అంది. పెద్ద జబ్బేమో అన్నాను. నాలుగింటికి, గెడ్డ పొంగితే దాటలేనని లేచింది. “నువ్వు సూత్తా ఉండు” అని వెళ్లింది. నేను చూస్తూ ఉన్నాను. చీకటిపడ్డాక మిషను ఆర్పకుండా తాళం వేశాను. సోమవారం పొద్దున్న తొమ్మిదీ పదికి దీపం ఆరింది, జాబితా వెళ్లింది. గంటలో జీపు బయల్దేరిందట. వాళ్లు కొండెక్కేసరికి మూడు దాటింది. అప్పటికే ఇద్దరు పోయారు. ముసలి గంగరాజు, సోని తల్లి ఈశ్వరమ్మ.

నర్సమ్మ చెబుతోంది, ఆదివారం ఆసుపత్రిలో ఎవరికీ గుండె కాగితం తీయలేదట. డాక్టరే లేడట. వరహాలరావు పొద్దున్న ఎనిమిదికి మిషనులో ఏదో పెట్టి, గదికి తాళం వేసి కొత్తవలస వెళ్లాడట. ఏం పెట్టాడో నువ్వు చూడగలవా?

ఆ గది తలుపు అవతలి వైపు. ముప్ఫై అడుగులు. నేను లేచి వెళ్లలేదు రత్నా. ఎర్రదీపం ఉంటే కదలకూడదు, ముందు పోయే బండిలో ఏముందని పాయింట్స్‌మేన్ అడగకూడదు. ముప్ఫై ఒక్క ఏళ్లు అదే చేసి జీతం తీసుకున్నాను. ఆ రోజు కూడా పద్ధతిగా పని చేస్తున్నాననే అనుకున్నాను.

మీ అత్త నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతోంది, మాట్లాడటం లేదు.

భీముడు


హైదరాబాద్,
2 సెప్టెంబరు 2006

మావయ్యా,

చూశాను. వరహాలరావు చెల్లెలి పెళ్లి వీడియో. దుబాయ్‌లో ఉన్న వాళ్ల బావకు ముక్కలు ముక్కలుగా వెళ్లింది. ఇరవై ఐదు గంటలు. రోజూ నిండుగా కనిపించిన గీత కూడా పాత కేసులు కాదు. నేను దాన్ని జ్వరాలనుకున్నాను, మా సారు సేవ అనుకున్నారు, నువ్వు గుండెలనుకున్నావు.

ఇంకొకటి చెప్పాలి. నాలుగు రోజులుగా రాయలేక చింపేస్తున్నాను. ఆ ఆదివారం డ్యూటీలో నేనే ఉన్నాను. నీ గది నుంచి ఒక చిన్న ఉత్తరం ఆగి ఉండటం చూశాను. పిసరంత. ఒక్క మీట నొక్కితే వెళ్లిపోయేది. మధ్యాహ్నం చూశాను, డ్యూటీ దిగబోతూ మళ్లీ చూశాను. నీ మీద ఉన్న అక్కసుతో, వద్దన్నావుగా, కూర్చో అనుకున్నాను. మావయ్యా, నేను అలాగే అనుకున్నాను.

తర్వాత, చూడకూడదని తెలిసీ ఆ జాబితా తెరిచాను. పదకొండు పేర్లు. మొదటి పేరుకు రెండు రోజుల జ్వరం. ఆఖరి పేరు ఈశ్వరమ్మ, యాభై ఏళ్లు, ఐదు రోజుల జ్వరం. పక్కన ‘మా అమ్మ’ అని ఉంది. అందరికంటే ఎక్కువ జబ్బుతో ఉన్న సొంత తల్లిని ఆ పిల్ల అందరికంటే వెనక రాసింది. నిన్ను అనడానికి రాయడం లేదు. నువ్వు అత్తను ముందు పెట్టమన్నావు, నేను పెట్టాను. ఇద్దరం ఒకటే.

ఆసుపత్రిది ముందు వదిలే రూలు తీసేశాను. ఇప్పుడు రెండు గదులకూ సమానం. అంటే శుక్రవారాలు అత్త కాగితం మళ్లీ ఆలస్యమవుతుంది, అది కూడా నాకు తెలుసు. ఏది న్యాయమో చెప్పు అంటే చెప్పలేను. ఇరవై ఊళ్ల కాగితం మీద మాత్రం సంతకం పెట్టలేదు. మా సారు ఎందుకని అడిగారు. మా ఊరికి వెళ్లొచ్చి చెబుతానన్నాను. ఉద్యోగం ఉంటుందో లేదో.

అత్తను మాట్లాడమను.

రత్న


పనసవలస,
10 సెప్టెంబరు 2006

రత్నా,

మీ అత్త మాట్లాడింది. మొన్న శుక్రవారం ఆమె కాగితం వెళ్లడానికి రెండు గంటలు పట్టింది. నేను గది బయట అటూ ఇటూ తిరుగుతుంటే, “కాలు కాలిన పిల్లిలాగ తిరగకు. ఎల్తాది లే” అంది. ఇరవై రోజులకు అదే మొదటి మాట. వెళ్లింది, జవాబూ వచ్చింది. మందు సగం తగ్గించారు. నీ రూలు వల్లే ఆమె కోలుకుందని కూడా నాకు తెలుసు, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

వరహాలరావును తీసేశారు. పోయేముందు వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. వాళ్లమ్మ మీద ఒట్టు గుర్తుచేసి నాలుగు తిట్టాలనుకున్నాను. లేపి బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆ దారి వాడికోసం ఖాళీ చేయించింది నేను.

నీ అక్కసు సంగతి చదివాను. నేను నీకు శిక్ష వెయ్యలేను, ఓదార్చలేను కూడా. నేను నీకంటే దగ్గరలో కూర్చుని చూశాను.

ఇక అసలు సంగతి. అదే శుక్రవారం సోని దిగొచ్చింది. తల్లి పోయాక ఇదే రావడం. మనిషి సగమైంది. ఆ రోజు నా కాగితం ఎందుకు ఆపావని అడుగుతుంది అనుకున్నాను. అడిగితే బాగుండుననే ఉంది నాకు. బెంచీ మీద కూర్చుని, పుస్తకం తీసి, పిల్లల బరువులు కొట్టడం మొదలుపెట్టింది. కొడుతూ కొడుతూ ఆగి ఇటు తిరిగింది.

“తాతా, ఆ దినం ఎవలిదో గుండె ఎల్తంది అన్నావు గదా. ఆ మడిసి బతికీసినాడా?”

నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. “బతికీసినాడమ్మా” అన్నాను.

“పోన్లే తాతా. ఆడైనా బతికీసినాడు,” అంది. కళ్లు తుడుచుకుని మళ్లీ బరువులు కొట్టుకుంది.

అప్పటినుంచి నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. ఆ పిల్ల ఆ ఒక్క మాట పట్టుకుని తల్లిని మరిచిపోవాలని చూస్తోంది. నేనిచ్చింది అబద్ధం. చెప్పకుండా వదిలేస్తే ఆమెకే మంచిదని నర్సమ్మ అంటోంది. మీ అత్త అలా అనలేదు. “నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను” అంది.

పద్దెనిమిదో తారీఖు సోమవారం మెట్టగూడ వెళ్తున్నాను. ఊరికి వస్తానన్నావు కదా, ఆ లోగానే వచ్చేయ్. ఆదివారం పాసింజరుకు అరకులో దిగితే నేను స్టేషన్‌లో ఉంటాను. పొద్దున్నే గెడ్డ దాటి ఎక్కుదాం. ఆమె ఇంటి ముందు కూర్చుని, ఆ రోజు ఎవరి గుండే వెళ్లలేదమ్మా అని చెప్పాలి. నాకు నోరు పెగలకపోతే నువ్వు చెప్పాలి.

భీముడు